పద్నాలుగో కాగితం

"ఇటలీ బాస చదివిన పాప ఈ ఇంట్లోనేనా ఉండేది?"

అఫ్రీన్ వెంటనే తల ఎత్తలేదు. పరుపు మూలలో దబ్బనం సగం దిగి ఉంది. ఇప్పుడు వదిలితే దారం జారి దూదంతా ఒక పక్కకు పోతుంది. రెండు చేతులతో దారాన్ని బిగలాగి, ముడివేసి, పంటితో తెంపి అప్పుడు చూసింది. అంగడి మెట్టు కింద ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ముప్పై ఏళ్లు ఉండవు. ప్లాస్టిక్ సంచిని రెండు చేతులతో కడుపుకు అదుముకుంది. ఆమె గోళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో బూడిదరంగు పొడి పేరుకుని ఉంది. కడిగినా పోని పొడి అది.

లాల్ సాహెబ్ దూదేకే మిషను ఆపాడు. అంగట్లో ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. "ఈ పాపే, నా కూతురు. ఏం కావల్లమ్మా?"

"నాది ఆళ్లగడ్డన్నా. పూర్ణిమ నా పేరు. రాతిబొమ్మలు చెక్కే షెడ్డులో పాలిష్ పని చేస్తా. మా ఓనరు మీ కాడ పరుపులు కుట్టించినాడంట. మీ పాప ఇటలీలో ఏడాది ఉండొచ్చిందని మీరే చెప్పినారంట."

లాల్ సాహెబ్ కూతురి వైపు చూసి, తప్పు చేసినవాడిలా చూపు తిప్పుకున్నాడు. హైదరాబాదు యూనివర్సిటీలో కూతురు ఫ్రెంచీ, ఇటాలియనూ చదివిందనీ, మూడో ఏడంతా ఇటలీలోనే ఉందనీ, వచ్చే నెల ఫ్రెంచిలో మాట్లాడే కంపెనీ ఉద్యోగంలో చేరుతుందనీ పరుపు కుట్టించుకున్న ప్రతివాడికీ చెప్పాడాయన.

పూర్ణిమ సంచిలోంచి కవరు తీసి, లోపలికి రాకుండానే చేయి చాపి అందించింది. దాని మీది ముద్ర చూసి అఫ్రీన్ ఆగిపోయింది.

"సాలెర్నో," అంది మెల్లగా.

"ఆ ఊరు తెల్సునా నీకి?"

"నేనుండింది ఆడనే అక్కా. చదువుకి."

పూర్ణిమ మొదటిసారి ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. "మా ఆయన ఆ ఊర్లోనే సచ్చిపాయ. పోయిన జూలైలో," అంది. "ఎట్లుంటాది ఆ ఊరు?" అని అడిగింది.

సముద్రం ఉంటుందని, కొండల మీద నిమ్మతోటలుంటాయని చెప్పబోయి అఫ్రీన్ మానుకుంది. "ఎండ మన మాదిరే ఉంటాది," అంది.

లాల్ సాహెబ్ స్టూలు మీది దూది దులిపి ముందుకు జరిపాడు. పూర్ణిమ అంచున కూర్చుని, ఎవరో అడిగిన లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది. మొగుడి పేరు సురేష్. ఆ ఊరి పక్కన పెద్ద బర్రెల ఫారంలో నాలుగేళ్లు పనిచేశాడు. పోయిన నలభై దినాలకు శవం పెట్టె వచ్చింది. పంపించిన ఏజెంటు అజయ్ కుమార్ ఇక్కడ నంద్యాలలోనే ఉంటాడు. సురేష్ తనంతట తానే నీళ్ల కాలవలో దూకాడని చెప్పాడు. పోయిన వారం ఈ కవరు వస్తే పట్టుకుపోయి చూపించింది.

"'అదే రాసుండాదమ్మా, దూకినాడనే,' అనె ఆ ఏజెంటు. అదొక్క మాట రాసేకి ఇన్ని కాగితాలెందుకు?"

"దూకేంత కష్టమేమొచ్చె ఆయనకి?" అన్నాడు లాల్ సాహెబ్.

పూర్ణిమ గోటి సందులోని పొడిని ఇంకో గోటితో గీకింది. "ముందురోజు ఫోన్లో కొట్లాడుకుంటిమన్నా. వస్తా వస్తా అంటాడు, రాడు. నాకి కడుపు మండె. వచ్చేదుంటే రా, లేకుంటే ఆడనే సావు అంటి. తెల్లారి సచ్చిపాయ." గొంతు మారలేదు. "మా యత్త వినె ఆ మాట. పది నెల్లాయ, నాతో మాట్లాడదు. నేను వండింది తినదు. కొడుకును నేనే సంపినానంటాది. నాకీ అట్లే అనిపిస్తాది."

రోడ్డు మీద ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"రేపు చదివి, ఎల్లుండి నేనే వస్తా అక్కా," అంది అఫ్రీన్.

"ఇంటికి వద్దు. షెడ్డు కాడికి రా." పూర్ణిమ లేచి, మెట్టు దిగి, వెనక్కి తిరిగింది. "ఎట్లుంటే అట్లే చెప్పు పాపా. నా మొగం చూసి మార్చొద్దు."

*

మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక అఫ్రీన్ నడిమింట్లో చాప పరిచి కాగితాలు వరుసగా పేర్చింది. ఇరవై మూడు ఉన్నాయి. అన్నిటికంటే పైనున్నది ఒక లాయరమ్మ ఉత్తరం. పొలాల్లో, పశువుల ఫారాల్లో పనిచేసే పరదేశీయుల కోసం నడిచే ఒక సంఘం తరఫున ఆమె రాసింది. సురేష్ చావు విషయంలో ఫారం యజమాని మీద కేసు నమోదైందని, ఆసుపత్రి కాగితాల నకళ్లు కోర్టు ద్వారా తీసుకుని పంపుతున్నామని, భార్య సంతకం చేసి పంపితే ఆమెను కూడా కేసులో చేరుస్తామని. రెండోది మరణ ధ్రువపత్రం. పైన ఇటాలియన్, దాని కింద ఫ్రెంచి. చదివిన రెండు భాషలూ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉండడం చూసి అఫ్రీన్‌కు లోపల ఒక చిన్న ఉత్సాహం కలిగింది. కలిగిన మరుక్షణం సిగ్గేసింది.

నోటుబుక్కులో ఒక్కో వాక్యానికీ తెలుగు రాసుకుంటూ పోయింది. పోయిన జూలై పద్దెనిమిది, గురువారం. మధ్యాహ్నం రెండు నలభైకి ఒక తెల్ల వ్యాను ఎమర్జెన్సీ గేటు ముందు మనిషిని దించి, ఆగకుండా వెళ్లిపోయింది. బట్టలకు పేడ, గడ్డి. ఒంటి వేడి నూట ఏడు దాకా ఉంది. జేబులో సురేష్ పేరుతో కార్డు. వడదెబ్బ. కాలువ అన్న మాట ఎక్కడా లేదు. తడిసిన బట్టలన్న మాటా లేదు. అఫ్రీన్ మళ్లీ మొదటి నుంచి వెతికింది, ఆ మాట తన కళ్లు తప్పించుకుందేమోనని. లేదు.

పద్నాలుగో కాగితం చేత్తో రాసినది. డాక్టర్ల రాతలా గీతలు కాదు, గుండ్రంగా, బడిపిల్లల రాతలా ఉంది. కింద సంతకం కార్మెలా, నర్సు.

'రోగి కొన్ని మాటలే మళ్లీ మళ్లీ అంటున్నాడు. మాకెవరికీ అర్థం కావడం లేదు. వినిపించినట్టే రాస్తున్నాను. ఎవరికైనా తెలుస్తుందేమో.'

దాని కింద నాలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లోనే. మొదటిది అమ్మ. పక్కన, 'వాళ్ల అమ్మనేమో?' అని రాసి ఉంది. రెండోది ఎన్, ఐ, రెండు ఎల్లులు, యూ. నిల్లు. మూడోది బర్రెలు నీడకు, 'కు' ఉండాల్సిన చోట సీ, యూ. నాలుగోది ఐ, ఎన్, టీ, ఐ, సీ, హెచ్, ఐ అని మొదలైంది. ఇంగ్లీషు చదివిన ఎవరైనా దాన్ని ఇంటిచి అని చదివి, అర్థంలేని మాటని వదిలేస్తారు. ఇటలీలో సీహెచ్ఐ అంటే 'కి'. కార్మెలా తన భాషలో ఎట్లా రాస్తారో అట్లా రాసుకుంది.

ఆ నర్సు పలికినట్టే పలకాలని, అఫ్రీన్ పైకే చదివింది.

"ఇంటికి పోతాండా."

వంటింట్లోంచి తల్లి సర్దార్‌బీ కేకేసింది. "ఎవురే, పోతాండానంటాండేది? ఎవురొచ్చినారు?"

అఫ్రీన్ చుట్టూ చూసింది. నడిమింట్లో ఎవరూ లేరు. కానీ ఆ మాట ఆమె చదివిన మాటలా లేదు. ఎవరో ఆళ్లగడ్డ మనిషి, గొంతు ఎండిపోయి, ఆమె నోటితో పలికినట్టే ఉంది. రెండో మాట మళ్లీ చూసింది. నిల్లు కాదు. నీళ్లు.

"ఎవురూ లేరుమా," అంది.

కార్మెలా రాత ఇంకా ఉంది. 'నాలుగు పదికి విద్యార్థి సంఘానికి ఫోన్ చేశాం. హిందీ తెలిసినవాళ్లు కావాలని అడిగాం. నాలుగు యాభైకి ఒక అబ్బాయి ఫోన్లో విన్నాడు. ఇది హిందీ కాదు, పంజాబీ కాదు, దక్షిణాది భాష కావచ్చు, అడిగి చెప్తానన్నాడు. తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు.' చివరి వాక్యం వేరే సిరాతో ఉంది. 'ఏడు పదికి మరణం.'

అఫ్రీన్ పెన్ను కింద పెట్టింది.

ఫోన్ తీసి, సాలెర్నోలోని ఇండియా విద్యార్థుల గ్రూపు తెరిచింది. ఇండియాకు వచ్చాక దాన్ని చూడనే లేదు, తీసెయ్యనూ లేదు. వేలితో నెలలకు నెలలు వెనక్కి తోసుకుంటూ పోయింది. దీపావళి ఫొటోలు, అద్దె గదుల బేరాలు, వీసా గొడవలు. పోయిన జూలై. పద్దెనిమిది.

అక్కడి టైముకు నాలుగు పన్నెండు. 'హిందీ వచ్చినవాళ్లు ఆసుపత్రికి ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఇండియా పేషెంటు. అర్జెంటు.' కింద ఆరుగురు బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు.

నాలుగు యాభై ఆరు. 'హిందీ కాదు. సౌత్ అనుకుంటా. సౌత్ వాళ్లు ఎవరైనా ఉన్నారా?' కింద ఏమీ లేదు. ఒక గంట తర్వాత ఎవరో సైకిలు అమ్ముతానని రాశారు.

ఆ రెండు మెసేజులూ తాను చదివింది. చదివినట్టు గుర్తుంది. ఇసకలో తువాలు పరుచుకుని కూర్చుని ఉంది. ఊరికి తిరుగు ప్రయాణం ఇంకో ఐదు రోజులు. మొదటిది చూసి, నా హిందీ అంతంతమాత్రం, ఢిల్లీవాళ్లు ఎంతమంది లేరు అనుకుంది. రెండోది చూసి, తమిళం అయ్యుంటుంది, మలయాళం నర్సులు ఉంటారు అనుకుంది. తర్వాత ఫోను పక్కనున్న స్నేహితురాలి చేతిలో పెట్టి నీళ్లలోకి నడిచింది. అప్పటికి అనుకున్నవన్నీ సబబే అయ్యుండొచ్చు. ఫోన్ మాత్రం చేయలేదు.

ఫొటోల్లోకి వెళ్లింది. పద్దెనిమిదో తేదీ, ఐదు గంటల రెండు నిమిషాలు. సముద్రంలో నడుములోతు నిలబడి, జుట్టు తడిసి, నవ్వుతూ ఉంది. నోరంతా తెరిచి నవ్వుతూ ఉంది. ఆ నిమిషంలో ఆ మనిషి బతికే ఉన్నాడు. రెండు వీధుల అవతల, ఆమె మాట్లాడే తెలుగే మాట్లాడుతూ ఉన్నాడు.

సర్దార్‌బీ చేతులు తుడుచుకుంటూ వచ్చి కూతురి ముఖం చూసి పక్కన కూర్చుంది. అఫ్రీన్ అంతా చెప్పింది. చెప్తున్నంతసేపూ నేల మీది కాగితాన్నే చూసింది.

"ఆ యమ్మకి నువ్వు చెప్పకుంటే ఏమైతాది?" అంది సర్దార్‌బీ చివరికి.

"ఏం కాదు."

"వాళ్లకెట్లాగూ తెల్దు గదా."

"తెల్దు."

"మరింగేం?"

సర్దార్‌బీ కూతురి తల దగ్గరికి తీసుకోబోయి, ఎందుకో ఆగి, చాప మీద చెదిరిన కాగితాలను వరుసగా సర్దసాగింది. చదువు రాని ఆమె వాటిని తలకిందులుగా పేర్చింది. అఫ్రీన్ సరిచేయలేదు.

*

శిరివెళ్ల దాటాక బస్సులో సగం ఖాళీ అయింది. కిటికీలోంచి కొట్టే గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుగా ఉంది. అఫ్రీన్ ఒళ్లోని కవరును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆళ్లగడ్డలో దిగి షెడ్డు కనుక్కోవడం కష్టం కాలేదు. రేకుల కింద వరుసగా సగం పుట్టిన దేవుళ్లు, ముఖాల్లేని నాయకులు. రాయి కోసే చక్రం మోత. పూర్ణిమ చివర్లో ఒక నల్లరాతి నంది పక్కన గొంతుక్కూర్చుని ఉంది. మగ్గుతో నీళ్లు పోయడం, రాయి నునుపు చేసే ఎమిరీ కాగితంతో రుద్దడం, అరచేత్తో తడిమి గరుకు చూడడం, మళ్లీ పోయడం. అఫ్రీన్‌ను చూసి లేచి చేతులు కడుక్కుంది.

ఆమె వెనక సిమెంటు బస్తాల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది.

"మా యత్త, ఓబులమ్మ," అంది పూర్ణిమ. "కవరు కనపడకపోతే అడిగె. చెప్తి."

"ఏజెంటు కంటే ఎక్కువ తెల్సునా ఈ పాపకి?" అంది ఓబులమ్మ, కోడలి వైపు కాకుండా గాలిలోకి.

అఫ్రీన్ నోటుబుక్కు తీసి, నిలబడే చదివింది. తెల్ల వ్యాను. పేడ అంటిన బట్టలు. ఒంటి వేడి. వడదెబ్బ. "కాలవ మాట యాడా లేదు పెద్దమ్మా. ఆయన దూకలేదు. ఎండలో బర్రెల కాడ పని చేస్తా పడిపోయినాడు. తీసుకొచ్చినోళ్లు గేటు కాడ ఇడిసిపెట్టి పోయినారు."

చక్రం తిప్పేవాడు పని ఆపి ఇటు చూశాడు. ఓబులమ్మ కదల్లేదు. పూర్ణిమ నంది వీపు మీద చేయి పెట్టి, ఆ చేయి వైపే చూస్తూ ఉంది.

"మాట్లాడినాడా?" అంది ఓబులమ్మ.

"మాట్లాడినాడు. నర్సు రాసిపెట్టింది." అఫ్రీన్ పద్నాలుగో కాగితం తీసింది. "అమ్మా అన్నాడు."

ముసలామె గడ్డం అదిరింది.

"నీళ్లు అన్నాడు. బర్రెలు నీడకు అన్నాడు. ఇంటికి పోతాండా అన్నాడు."

పూర్ణిమ నెమ్మదిగా కిందికి వంగి కూర్చుంది. మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఏడుస్తున్న చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. పది నెలలుగా తన నోటి నుంచి వచ్చిన ఒక మాట ఆ మనిషిని చంపిందనుకుంది. ఆ మనిషి ఆ మాట పట్టించుకోకుండా ఇంటికి బయల్దేరాడు.

చాలాసేపటికి తల ఎత్తి, "ఇంగేమన్నా అన్నాడా?" అని అడిగింది. ఏం అడుగుతోందో ముగ్గురికీ అర్థమైంది.

"ఇంతే ఉండాది అక్కా."

"నీ పేరు యాడా లేదు," అంది ఓబులమ్మ. కోడలితో పది నెలల తర్వాత ఆమె నేరుగా అన్న మొదటి మాట అది. కొడుకు దూకలేదని తెలిసినా ఆమెకు ఆ మాట అనాలనిపించింది, అనేసింది. పూర్ణిమ సరేనన్నట్టు తల ఊపింది.

ఓబులమ్మ అఫ్రీన్ వైపు తిరిగింది. "అంత పెద్ద ఊర్లో తెలుగోళ్లు ఒక్కరూ లేకపాయనా పాపా? వానికి పలికేకి?"

ఏమని చెప్పాలో బస్సులో పదిసార్లు అనుకుంది. అనుకున్నదేదీ నోటికి రాలేదు.

"ఉంటిమి పెద్దమ్మా. నేనుంటి." ఫోన్ తీసి ఆ రెండు మెసేజులూ చూపించింది. వాళ్లకు చదవడం రాదని తెలిసీ చూపించింది. ఏ టైముకు ఏది వచ్చిందో, తాను ఎక్కడుందో, ఏమనుకుందో చెప్పింది. సముద్రం మాట కూడా చెప్పింది.

పాలిష్ నీళ్లు నంది కాళ్ల కిందుగా బూడిదరంగులో పారి మట్టిలో ఇంకుతున్నాయి.

"నువ్వు మాట్లాడుంటే బతుకుండునా?" అంది పూర్ణిమ.

"తెల్దు అక్కా. బతకడనే అనుకుంటా. ఏమడుగుతాండాడో వాళ్లకి చెప్పుండేదాన్ని. ఆయనకి మనోళ్ల మాట ఇనపడుండేది."

పూర్ణిమ ఆమెను అట్లాగే చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో అఫ్రీన్‌కు తెలియలేదు. "ఆ నర్సుకి ఫోన్ చెయ్యి," అంది పూర్ణిమ. "ఆ పొద్దు చేయలేదు గదా. ఇప్పుడు చెయ్యి."

కాగితం తల మీద ఆసుపత్రి నంబరుంది. అఫ్రీన్ అక్కడే చేసింది. ఎవరో ఇంకెవరికో కలిపారు, వాళ్లు వార్డుకు కలిపారు. కార్మెలా అక్కడి మధ్యాహ్నం రెండుకు డ్యూటీకి వస్తుందని చెప్పారు. అంటే ఇక్కడ ఐదున్నర.

"ఉంటావా?" అంది పూర్ణిమ.

"ఉంటా."

మధ్యాహ్నమంతా అఫ్రీన్ ఆ రేకుల కింద కూర్చుంది. ఊరికే ఉండలేక ఒక ఎమిరీ కాగితం తీసుకుంది. పూర్ణిమ ఏమీ అనకుండా నంది మూపురం వైపు చూపించింది, గుండ్రంగా కాదు, ఒకే వైపుకు రుద్దాలని చేత్తో చూపించింది. ఓబులమ్మ ఇంటికి పోతుందనుకున్నారు. పోలేదు. బస్తాల మీద అట్లాగే కూర్చుని, మగ్గు ఖాళీ అయినప్పుడల్లా లేచి డ్రమ్ములోంచి నింపి తెచ్చి మధ్యలో పెట్టింది. ఎవరికని చెప్పలేదు.

*

ఐదు నలభైకి చక్రాలు ఆగాయి. పనివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. అఫ్రీన్ ఫోన్ స్పీకర్లో పెట్టి నంది వీపు మీద ఉంచింది.

"నేను కార్మెలాని," అంది అవతలి గొంతు. నడివయసు గొంతు, తొందరలో ఉంది.

అఫ్రీన్ తానెవరో, ఎక్కడి నుంచి మాట్లాడుతోందో ఇటాలియన్‌లో చెప్పింది. పోయిన జూలై పద్దెనిమిది అంది. అవతల తొందర ఆగిపోయింది. ఒక తలుపు మూసిన చప్పుడైంది.

"ఆ ఇండియా అబ్బాయి," అంది కార్మెలా. "నేను రాసింది మీరు చదివారా? మీకు అర్థమైందా?"

"అయింది. అది మా భాష."

"దేవుడా," అంది ఆమె. "పది నెలలుగా ఆ మాటలు నా చెవుల్లో ఉన్నాయి. గిన్నెలు కడుగుతుంటే కూడా. చెప్పండి, ఏమన్నాడు?"

రెండో మాటను చివరికి ఉంచి, అఫ్రీన్ ఒక్కొక్కటే చెప్పింది. అమ్మ అంటే మీరనుకున్నదే. బర్రెల్ని నీడకు తోలమన్నాడు. ఇంటికి వెళ్తున్నానన్నాడు. ఒక్కో మాటకీ కార్మెలా అవును, అవును అంటూ, తనకు ముందే తెలిసినట్టు, తెలియనట్టు, విన్నది. అఫ్రీన్ ఆమె అన్నది తెలుగులో చెప్తూ పోయింది. ఆ నర్సు గొంతు వింటూ ఓబులమ్మ లేచి దగ్గరకు వచ్చి నిలబడింది.

"మరి నిల్లు?" అంది కార్మెలా. "నిల్లు ఎవరు?"

అఫ్రీన్ కాగితం మీది రెండో మాట వైపు చూసింది.

"మా ఊళ్లవైపు ముద్దుపేర్లు అట్లాగే ఉంటాయి," అంది కార్మెలా. "మనిషి పేరని నాకు వెంటనే తెలిసింది. నిల్లు, నిల్లు అని ఒకటే పిలుపు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, నిల్లు వస్తోంది, దారిలో ఉంది, వచ్చేస్తోంది అని చెప్తూ కూర్చున్నాను. అబద్ధమని తెలుసు. అయినా చెప్పాను. నిల్లు ఎవరు? భార్యా? కూతురా?"

అఫ్రీన్ ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, విన్నది విన్నట్టు తెలుగులో చెప్పింది.

ఓబులమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీళ్లు తాపలేదా?" అంది పూర్ణిమ.

"తెలివి తప్పుతాండేవాళ్లకి నోట్లో నీళ్లు పోయరు అక్కా. ఊపిరికి అడ్డం పడతాది. సూది గుండా ఎక్కించినారు. పెదాల మీద తడిబట్ట పెడతానే ఉండిరంట, కాగితంలో ఉండాది."

"అంటే ఆ యమ్మ చేయల్సింది చేసింది."

"చేసింది."

"హలో?" అంది కార్మెలా. "వినిపిస్తోందా?"

"ఏం చెప్పల్లక్కా?" అంది అఫ్రీన్.

పూర్ణిమ ఫోన్ వైపు చూసింది. ఒక మనిషి తన వల్లే పోయాడనుకుంటూ పది నెలలు గడపడం ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. "పేరేనని చెప్పు," అంది.

"ఎవురి పేరని?"

"నాది."

అఫ్రీన్ ఓబులమ్మ వైపు చూసింది. ఆమె ఏదో ఒకటి అంటుందని ఎదురుచూసింది. ఓబులమ్మ అనలేదు. అఫ్రీన్ చెయ్యి తీసి, స్పష్టంగా, ఒక్కో అక్షరం పలుకుతూ చెప్పింది. "అవును, పేరే. ఆయన భార్య." రెండు భాషల మధ్య నిలబడి లేని మాట చెప్పడం ఆమెకు అదే మొదలు.

అవతల కార్మెలా ఏడుస్తోంది. చిన్నగా, ఆసుపత్రి గదుల్లో ఏడ్చేవాళ్లు ఏడ్చినట్టు, వినపడకుండా. "ఆమె అక్కడ ఉందా?"

"ఉంది."

"అయితే ఆమెకు చెప్పండి. అన్నిటికంటే ఎక్కువగా ఆమెనే పిలిచాడు. అమ్మ కంటే కూడా. చివరిదాకా."

అఫ్రీన్ పూర్ణిమ వైపు తిరిగి చెప్పింది. "అన్నింటికంటే నిన్నే పిలిచినాడంట అక్కా. చివరిదాకా." పూర్ణిమ తల ఊపింది, ఆ మాట నిజంగా తనదే అయినట్టు. తల్లి కంటే అన్న మాటను అఫ్రీన్ చెప్పలేదు.

ఓబులమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ చప్పుడు విని అవతల కార్మెలా ఏదో అడిగింది.

"ఏమంటాంది?" అంది ఓబులమ్మ.

"నిల్లు పక్కన ఎవురన్నా తోడుండారా, ఒక్కతే ఉండాదా, అని."

ఓబులమ్మ వంగి, ఫోన్‌కు మరీ దగ్గరగా, అవతలివాళ్లకు చెవుడన్నట్టు గట్టిగా అంది. "నేనుండా తల్లీ. నా కోడలు. నా కాడనే ఉండాది."

అఫ్రీన్ దాన్ని ఉన్నదున్నట్టు ఇటాలియన్‌లో చెప్పింది.

ఫోన్ పెట్టేశాక పూర్ణిమ మగ్గులో మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుని, చీరకు తుడుచుకుని, లాయరమ్మ ఉత్తరం తీసి నంది వీపు మీద పరిచింది. "సంతకం యాడ పెట్టల్ల?" అఫ్రీన్ చూపించింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది. రాతిపొడి అంటుకుని కాగితం అంచున ఒక వేలిముద్ర కూడా పడింది.

కవరు సర్దుకుని అఫ్రీన్ లేచింది. వెళ్లేముందు ఏదైనా అనాలనిపించింది. క్షమించమని అడిగితే, ఆ భారం కూడా వాళ్ల మీద పెట్టినట్టవుతుంది. నిలబడిపోయింది.

పూర్ణిమే అంది. "నీళ్ల మాట ఆ యమ్మకి చెప్పకపోతిమి పాపా. అది యాడికీ పోదు. మన ముగ్గురి కాడనే ఉండాల." చెప్పి ఎమిరీ కాగితాల్లో అరగనివి ఏరి పక్కన పెట్టసాగింది. "బేగా పో. ఆరున్నర దాటితే బస్సు దొరకదు."

అఫ్రీన్ రోడ్డెక్కింది. వెనక ఓబులమ్మ గొంతు వినిపించింది, ఈ రాత్రికి ఏం వండుతావని కోడల్ని అడుగుతోంది. బస్సు కోసం నిలబడి అఫ్రీన్ ఫోన్ తీసింది. నడుములోతు నీళ్లలో నవ్వుతున్న ఫొటో మీద వేలు పెట్టి, తీసెయ్యాలా అని అది అడిగితే, వద్దు అని నొక్కింది.